తోట సాలు కొలిచి ట్రాక్టరు కొనండి, దారిని చూసి కాదు



వానలు వెళ్ళినాక మన గ్రూపులో ఎక్కువగా వచ్చిన ప్రశ్న పురుగు గురించి కాదు, దారి గురించి. "షెడ్డు దాకా గరుసు తోలించినాము, రెండు వానలకే గుంతలు పడినాయి, దారి సరిచేసుకునేదానికి ఏ ట్రాక్టరు తీసుకుంటే మేలు?" అని శిడ్లఘట్ట, చింతామణి పక్క నుండి అడిగినారు, హోసూరు, డెంకణికోట పక్క నుండీ అడిగినారు. వచ్చిన జవాబులు చూస్తే 45 హెచ్‌పీ, 50 హెచ్‌పీ అనే మాటలే ఎక్కువ. మేము దానికి ఒప్పుకోము. రెండు, మూడు ఎకరాల మల్బరీ ఉండే కుటుంబానికి దారి కోసం పెద్ద ట్రాక్టరు అక్కరలేదు. తోట సాలులో దూరే చిన్న ట్రాక్టరే దారిని కూడా బాగా చూసుకుంటుంది. ఎందుకో వివరంగా రాస్తాము, నచ్చకపోతే ఎదురు చెప్పండి.

ముందు ఒక మాట. దారి బాగుండాల అనే దాంట్లో మాకు రెండో మాట లేదు. రాగి, వేరుశనగ పండించేవాళ్ళకు దారి చెడితే నాలుగు రోజులు ఆగొచ్చు. మనకు ఆగేదానికి లేదు. చాకీ సెంటరు నుండి పురుగులు వచ్చే రోజు బండి మెయిన్ రోడ్డు మీదే నిలిచిపోతే, ఎండ ఎక్కేలోపల ట్రేలన్నీ తలమీద మోసుకొని రావాల. నాలుగో జ్వరం లేచినాక పురుగు తినే ఆకు ఎంతో మీకు తెలుసు. పంట మొత్తానికి పడే ఆకులో నూటికి ఎనభై పాళ్ళకు పైగా ఆ చివరి వారం రోజుల్లోనే పడుతుంది. ఆ వారంలో కొమ్మల బండి బురదలో దిగబడితే ఆకు వాడిపోతుంది, మేత వేళ తప్పుతుంది.

గూళ్ళు తీసినాక ఇంకో కష్టం ఉంది. గూడు లోపల ఉండేది ప్రాణం ఉండే పురుగు. గుంతల దారిలో సంచులు ఎగిరెగిరి పడితే లోపలి ప్యూపా నలిగి, రసం కారి, గూడు లోపలి నుండి మరక పడుతుంది. మార్కెట్టులో రీలరు గూడు చేతిలో పట్టుకొని ఊపి చూసి, కోసి చూసి ధర కట్టేది ఇందుకే. ఇరవై, ఇరవైఐదు దినాలు రాత్రీ పగలూ కష్టపడి తెచ్చిన పంటకు, చివరి వెయ్యి అడుగుల దారిలో కిలోకు ఇంత అని ధర పోగొట్టుకోవడం కంటే బాధ ఏముంది?

ఎండాకాలం దుమ్ము సంగతి కూడా చూడండి. దారి పక్క సాలుల్లో ఆకు మీద దుమ్ము పేరుకుంటే పురుగు సరిగ్గా తినదు. కాబట్టి దారి పని అంటే మనకు షెడ్డు పనే.

ఇంక దారి ఎందుకు చెడుతుందో చూద్దాము. దాన్ని చెడిపేది నీళ్ళు. దారి నడుమ పల్లంగా, అంచులు ఎత్తుగా ఉంటే వాననీళ్ళు దారి మీదే నిలుస్తాయి. నిలిచిన నీళ్ళలో చక్రం పడినప్పుడల్లా మెత్తని మన్ను కొట్టుకుపోయి గుంత లోతవుతుంది. రెండు చక్రాల జాడలు కాలువలై, వాలులో నీళ్ళన్నీ వాటిలోనే పరుగెత్తుతాయి. ఇది సరిచేయకుండా 50 హెచ్‌పీ కాదు, 100 హెచ్‌పీ తెచ్చినా వచ్చే వానకు మళ్ళీ అదే కథ.

దారి నడుమ మిట్టగా ఉండాల. పది అడుగుల వెడల్పు దారి అయితే అంచుల కంటే నడుమ బెత్తెడు, అంటే సుమారు మూడు అంగుళాలు ఎత్తు ఉంటే నీళ్ళు రెండు పక్కలకూ జారిపోతాయి. రెండు పక్కలా చిన్న కాలువ, నీళ్ళు దారిని దాటే చోట ఒక మోరీ పైపు. ఈ మూడూ ఉంటే దారి పని ముప్పాతిక అయినట్టే. మిగిలిన పాతిక పనికే ట్రాక్టరు.

ఆ పాతిక పని ఏమిటి? అంచులకు చెదిరిపోయిన గరుసును మళ్ళీ నడుమకు లాగడం. పైపైన చిన్న గుంతలను చెరిపేయడం. ఇది భూమిని చీల్చే పని కాదు, గీకే పని. గీకే పనికి ఎంత బలం కావాల?

దీనికి ఒక పాత ఉదాహరణ ఉంది. అమెరికాలో మిస్సోరి రాష్ట్రంలో డి. వార్డ్ కింగ్ అనే రైతు 1890లలో ఒక మొద్దును నిలువునా రెండుగా చీల్చి, ఆ రెండు ముక్కలనూ కొంచెం ఎడంగా పెట్టి జోడించి, వాన వెలిసినాక తడి ఉండగా మట్టిరోడ్డు మీద ఏటవాలుగా గుర్రాలతో లాగించినాడు. రోడ్డు నడుమ మిట్ట ఏర్పడి, నీళ్ళు జారిపోయి, రోడ్డు గట్టిపడింది. ఆ దేశంలో ఊరూరా ఆ పద్ధతి పాకింది. గుర్రాలు లాగిన పనికి మనకు 50 గుర్రాల బలం ఎందుకు? మన పెద్దలు ఎద్దులకు పలక కట్టి దుక్కి చదును చేసేది కూడా ఇంచుమించు ఇదే పని.

ఇప్పుడు లెక్క వేద్దాము. మీ దారి పొడవు వెయ్యి అడుగులు, అంటే 300 మీటర్లు అనుకోండి. గంటకు నాలుగు కిలోమీటర్ల వేగంతో ఒకసారి పోయేదానికి నాలుగున్నర నిమిషాలు. ఆరుసార్లు తిరిగితే 27 నిమిషాలు. మలుపులు, ఆగడం కలిపినా గంట లోపల పని ముగుస్తుంది. సంవత్సరంలో మంచి వాన పడినాక ఏడెనిమిది సార్లు చేసినా మొత్తం ఎనిమిది గంటలు. ఎనిమిది గంటల పని కోసం భూమి కాగితాలు బ్యాంకులో పెట్టి, అయిదారు ఏండ్లు కంతులు కట్టడం మాకు న్యాయంగా తోచదు. పురుగు పంట ఒకటి పోతే కంతు ఆగదు. ఆ మాట మర్చిపోకండి.

అదే ట్రాక్టరు తోటలో ఎన్ని గంటలు పని చేస్తుందో చూడండి. సంవత్సరానికి అయిదారు పంటలు. ప్రతి కోత తరువాత సాలు దున్నాల, ఎరువు తోలాల, కలుపు తీయాల, మందు కొట్టాల, కొమ్మలు మోయాల. అందుకే మేము చెప్పేది, కొలత తోటలో మొదలుపెట్టండి అని.

ఇప్పుడు చాలామంది వీ-1 తోటను జంట సాలు పద్ధతిలో వేసినాము. జంటలో సాలుకు సాలుకు మూడు అడుగులు, జంటకు జంటకు నడుమ అయిదు అడుగులు, మొక్కకు మొక్కకు రెండు అడుగులు. ఆ అయిదు అడుగుల సందులో ట్రాక్టరు పోవాలంటే చక్రాల బయటి అంచుకు బయటి అంచుకు నాలుగు అడుగులు దాటకూడదు. 50 హెచ్‌పీ బండి అక్కడ దూరదు. దూర్చితే కొమ్మలు విరుగుతాయి, మోడు తొక్కి చీలుతుంది. పాత మూడు అడుగుల చదరం తోట ఉండేవాళ్ళకు చిన్న ట్రాక్టరు కూడా దూరదు. వాళ్ళు పవర్ టిల్లరుతోనే నడిపించుకొని, దారికి బాడుగ బండి పెట్టుకోవడం మేలు. తోట మళ్ళీ వేసేటప్పుడు ట్రాక్టరు గురించి ఆలోచించుకోవచ్చు.

కాబట్టి 20 నుండి 28 హెచ్‌పీ లోపల, సన్నగా ఉండే బండి చూడండి. మహీంద్రా జీవో, కుబోటా నియోస్టార్, మన బెంగళూరు కంపెనీ వీఎస్‌టీ, ఇంకా స్వరాజ్, సోనాలిక, జాన్ డీర్ అందరికీ ఈ చిన్న తరగతిలో బండ్లు ఉన్నాయి. ఇది కొను, అది వద్దు అని మేము చెప్పము. షోరూముకు పోయేటప్పుడు టేపు జేబులో పెట్టుకొని పోండి, ఈ కింది విషయాలు అడగండి.

మొదటిది, వెడల్పు. కాగితంలో రాసింది నమ్మకండి, టైరు బయటి అంచులు మీరే కొలవండి. వెనక చక్రాల వెడల్పు మార్చుకునే వీలుందా అడగండి. సన్న బండి వాలు మీద, కాలువ అంచున ఒరిగే భయం ఎక్కువ. తోటలో సన్నగా, దారి మీద కొంచెం వెడల్పుగా పెట్టుకోగలిగితే మంచిది.

రెండోది, ఫోర్‌వీల్. చిన్న బండి బరువు తక్కువ, టూవీల్ అయితే తడి గరుసులో చక్రం జారుతుంది. జారిన చక్రం కొత్త గుంత తవ్వుతుంది, దారి బాగు చేయబోయి చెడిపినట్టు అవుతుంది. అయితే తారురోడ్డు ఎక్కినాక ఫోర్‌వీల్ తీసేయాల, లేకుంటే గేర్ల మీద భారం పడి టైర్లు అరుగుతాయి.

మూడోది, నిదాన గేరు. ఇంజను మంచి వేగంలో ఉండగానే బండి మనిషి నడకకంటే నిదానంగా పోయే గేరు ఉండాల. వేగంగా గీకితే బ్లేడు ఎగిరి దారి అలలు అలలుగా తయారవుతుంది.

నాలుగోది, హైడ్రాలిక్. పొజిషన్ లివరు వేరుగా ఉందా, దాన్ని కొంచెం కొంచెంగా కదిలిస్తే చేతులు కూడా కొంచెంగానే కదులుతున్నాయా చూడండి. డ్రాఫ్ట్ కంట్రోలు దున్నేదానికి బాగుంటుంది. దారి గీకేటప్పుడు పొజిషన్ మీదే పెట్టాల. లేదంటే నేల గట్టిగా తగిలినప్పుడల్లా బ్లేడు తనంతట తానే పైకి లేస్తుంది, మెత్తగా ఉన్నచోట దిగుతుంది.

అయిదోది, పవర్ స్టీరింగు, 540 ఆర్‌పీఎం పీటీఓ. సాలు చివర చిన్న స్థలంలో తిప్పుకోవాల, స్ప్రేయరు, రోటావేటరు నడవాల.

ఆరోది, సర్వీసు. నాలుగో జ్వరం లేచిన పురుగు షెడ్డులో ఉండగా బండి చెడితే మెకానిక్కు ఎంతసేపట్లో వస్తాడు? ఆ కంపెనీ బండి వాడే పక్కూరి రైతును అడిగితే నిజం తెలుస్తుంది, షోరూములో తెలియదు.

ట్రాక్టరు తరువాత పనిముట్టు. నిజం చెప్పాలంటే దారికి ట్రాక్టరు కంటే ఇదే ముఖ్యం. వెనక తగిలించే బ్లేడు అమ్ముతారు, డబ్బు ఉంటే కొనండి. లేకుంటే ఊరి వెల్డింగు అంగడిలో ఇనుప లాగుడు పలక చేయించుకోండి. అయిదు అడుగుల పొడవు ఇనుప ఛానళ్ళు రెండు, వాటి నడుమ రెండు అడుగుల ఎడం, జోడించేదానికి యాంగ్లర్లు, ముందర ఒక గొలుసు. పైన బరువుకు ఇసుక సంచి. మా ఇంట్లో అన్నదమ్ములము వాడేది ఇదే.

వాడే పద్ధతి ఇది. వాన వెలిసి, దారి తడిగా ఉండి, చక్రానికి బురద అంటుకోని సమయం చూసుకోండి. ఎండిన గరుసును గీకితే దుమ్ము లేస్తుందే కాని అతుక్కోదు. పలక దారి ఎడమ సగం మీద ఉండేటట్టు పోండి. పలక ఎడమ కొస ముందుకు, కుడి కొస వెనక్కు ఉండేటట్టు గొలుసు ఏటవాలుగా కట్టండి. గరుసు అంచు నుండి నడుమకు జరుగుతుంది. తిరిగి వచ్చేటప్పుడు కూడా మీ ఎడమ పక్కనే రండి, గొలుసు మార్చే పని లేదు, అవతలి పక్క గరుసు కూడా నడుమకే చేరుతుంది. గొలుసు మాత్రం కింద ఉండే డ్రాబారుకే కట్టాల. పైన టాప్ లింకు దగ్గర కడితే, పలక రాయికి తట్టుకున్నప్పుడు ముందు చక్రాలు లేచి బండి వెనక్కు పడుతుంది, ప్రాణానికే ముప్పు.

లోతు గుంతలు ఉంటే గరుసు పోసి పూడ్చడం ఉత్త ఖర్చు. మొదటి వానకే అది లేచిపోతుంది. కల్టివేటరుతో గుంత అడుగు దాకా చుట్టూ గీరి, పాత గట్టి అంచును కూడా విడగొట్టి, అంతా కలిపి చదును చేసి, తడి ఉండగా తొక్కించాల. అప్పుడే కొత్తదీ పాతదీ అతుక్కుంటాయి.

ఇదంతా ఎందుకంటే గరుసు అంటే డబ్బు. వెయ్యి అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, మూడు అంగుళాల మందం వేస్తే 2500 ఘనపుటడుగులు, అంటే 25 యూనిట్లు. అందులో ఒక్క అంగుళం మందం అంచులకు చెదిరి కాలువ పాలైతే ఎనిమిది యూనిట్లు పోయినట్టే. వాన వెలిసినాక గంటసేపు పలక లాగితే అది మళ్ళీ నడుమకు వస్తుంది.

చిన్న ట్రాక్టరుతో కాని పనులు కూడా ఉన్నాయి, అవి దాచిపెట్టము. కొత్తగా దారి వేయడం, లోడ్ల గరుసు పరవడం, కాలువ తవ్వడం, రోలరు తిప్పడం దాని పని కాదు. ఇవి చాలా ఏండ్లకు ఒకసారి వచ్చే పనులు, బాడుగకు పెట్టుకోండి. కర్ణాటకలో కృషి యంత్ర ధారె కేంద్రాలలో పెద్ద ట్రాక్టర్లు బాడుగకు ఇస్తారు. తమిళనాడులో వ్యవసాయ ఇంజనీరింగు శాఖ ఈ-వాడగై ద్వారా యంత్రాలు బాడుగకు ఇస్తుంది. మహారాష్ట్ర పక్క నల్లరేగడిలో ఉండే మనవాళ్ళకు ఒక మాట: అక్కడ గరుసు నేరుగా వేస్తే నల్లమన్నులో దిగిపోతుంది. ముందు మొరం మందంగా వేసి తొక్కించి, పైన గరుసు వేయాల. అది కచ్చితంగా పెద్ద యంత్రాల పనే.

పెద్ద ట్రాక్టరు వైపు మాట్లాడేవాళ్ళ మాట కూడా వినాల. "ఊర్లో బాడుగకు తిప్పితే కంతు వెళ్ళిపోతుంది" అంటారు. ఇంట్లో ఒక మనిషి పూర్తిగా ట్రాక్టరు మీదే ఉండగలిగితే, పది ఎకరాల రాగి, టమాటా కూడా ఉంటే, అది సరైన మాటే. కాని పురుగు మేపే ఇంట్లో ఆ మనిషి ఎక్కడ దొరుకుతాడు? మేత వేళకు బండి ఎవరి పొలంలోనో ఉంటే షెడ్డులో ఇంటి ఆడవాళ్ళే కొమ్మలు మోస్తారు. ఆ కష్టాన్ని ఎవరూ లెక్కలో వేయరు.

"2025 సెప్టెంబరు 22 నుండి జీఎస్‌టీ 12 శాతం నుండి 5 శాతానికి దిగింది, ఇప్పుడే పెద్దది తీసుకోండి" అని అమ్మేవాళ్ళు చెప్తున్నారు. పన్ను దిగింది నిజమే. మిగిలిన డబ్బును సైజు పెంచేదానికి కాకుండా అప్పు తగ్గించేదానికి వాడండి.

ఇంకో జాగ్రత్త. బాడుగ బండి కానీ సొంత బండి కానీ, టమాటాకు, పూలకు పురుగుమందు కొట్టిన స్ప్రేయరును మల్బరీ తోటలోకి తేవద్దు. ట్యాంకులో, పైపులో మిగిలిన కొంచెం మందు చాలు పురుగులన్నీ పోయేదానికి. తోటకు వేరే ట్యాంకు పెట్టుకోండి. ఊరంతా తిరిగి వచ్చిన బండి చక్రాలతో ఇతరుల షెడ్డు చెత్త, దాంతోపాటు పాలరోగం, సున్నపుకట్టు కూడా రావచ్చు. చక్రాలు కడిగి, షెడ్డు ముందర సున్నం, బ్లీచింగు చల్లిన చోటు దాటించి లోపలికి తెండి. షెడ్డు కిటికీల పక్కన ఇంజను నడుపుతూ నిలపకండి, పొగ పురుగుకు మంచిది కాదు.

చివరగా, దారి ఒక్కరిది కాదు. మన పక్క చాలా షెడ్లకు పోయే దారిని నలుగురైదుగురు వాడుకుంటారు. ఒకరు గరుసు వేస్తే ఇంకొకరు లోడు బండితో తొక్కుతారు, మూడోవారు నీళ్ళు దారి మీదకు వదులుతారు, గొడవ అక్కడ మొదలవుతుంది. నలుగురు కలిసి ఒక లాగుడు పలక చేయించండి. ట్రాక్టరు ఉండేవాళ్ళు వాన వెలిసినాక గంట లాగితే, లేనివాళ్ళు డీజిలు పోసి, మోరీ, కాలువ శుభ్రం చేయాల. ఎవరి పొలం నీళ్ళు వాళ్ళ గట్టు లోపలే ఉండాల. ఈ మాటలు వాన రాకముందే కూర్చొని మాట్లాడుకోండి, వానలో మాట్లాడితే మాట పెరుగుతుంది.

ట్రాక్టరు కొనాలని ఉండేవాళ్ళు ఈ వారం ఒక్క పని చేయండి. టేపు తీసుకొని మీ తోట జంటసాలు నడుమ సందు, దారి పొడవు, వెడల్పు కొలిచి గ్రూపులో పెట్టండి. మీకు దగ్గరలో ఏ బండి ఎవరు వాడుతున్నారో, వాళ్ళకు ఎట్లా ఉందో ఆ కొలతలు చూసి మనవాళ్ళే చెప్తారు. షోరూముకు ఆ తరువాత పోవచ్చు.